బాగానే ఉన్నానంటే నమ్మని కుక్క

మొన్న సోమవారం నుంచి మన మాచర్లలో ఒక వింత నడుస్తోంది, విన్నారా? మా పేట బడిలోకి ఒక కుక్క రోజూ దర్జాగా గేటులోంచి నడిచిపోయి, నాలుగో తరగతి గదిలో టీచరు కుర్చీ పక్కన కూర్చుంటోంది. దాన్ని ఏందని అడిగేవాడు లేడు. ఆ కుక్కకి చదువు చెప్పిన నన్ను మాత్రం బడి గంటల్లో గేటు దాటనివ్వడం లేదు. ఊరికే నోటిమాట కాదు, కాగితం మీద రాసి నా చేత సంతకం పెట్టించుకున్నారు.

ఎందుకో చెబుతా. ముందు టీ తెప్పించండి. కొంచెం మెల్లగా చెబుతాను, దగ్గరికి జరగండి. అదిగో, ఎదురింటి అరుగు మీద పడుకున్నాడే, ఒక చెవి వంగినవాడు, వాడే ఆ కుక్క. వాడి చెవిన కొన్ని మాటలు పడకూడదు. ఎందుకన్నది చివరికి మీకే తెలుస్తుంది.

నా సంగతి మీకు కొత్తగా చెప్పేదేముంది. ముప్పయ్యేళ్లు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేశాను. డాక్టర్లు వచ్చారు, బదిలీ అయిపోయారు. ఆసుపత్రి అంటే నేనే. నేను గేట్లో అడుగుపెడితే ఎడ్లు వాటంతట అవే నోరు తెరిచేవి, మందు పోయించుకుందామని. కారెంపూడి నుంచి ఒకసారి ఒక గిత్తను తెచ్చారు. నలుగురు మనుషుల్ని తాళ్లతో సహా ఈడ్చుకుంటూ వచ్చింది. నేను కళ్లజోడు తీసి ఒక్క చూపు చూశాను. సిగ్గుపడి పడుకుంది. కడుపునొప్పి ఎక్కువై పడుకుందని డాక్టరు గారన్నారు గానీ, ఆయన చదువు ఆయనది, నా చూపు నాది.

దానికి తోడు వయసులో ఉన్నప్పుడు నాటకాలు వేసినవాణ్ణి. గురజాలలో ఒకసారి నేను స్టేజీ మీద చచ్చిపోతే ముందు వరసలో ఆడవాళ్లు ఒకటే ఏడుపు. తెర మళ్లీ ఎత్తించి, నేను లేచి నిలబడి దణ్ణం పెడితే గానీ ఇళ్లకి పోలేదు. ఈ రెండు విద్యలూ గుర్తు పెట్టుకోండి. పశువుల్ని లొంగదీసుకోవడం ఒకటి, నటన ఒకటి. విడివిడిగా ఇవి నన్ను ఎప్పుడూ నట్టేట ముంచలేదు. రెండూ కలిశాయి, మునిగాను.

ఆ ఎదురిల్లు సువార్తమ్మ టీచరుది. నలభై అయిదేళ్లుంటాయి. భర్త పోయిన దగ్గర్నుంచి ఒక్కతే ఉంటుంది. నన్ను బాబాయ్ అంటుంది. కిందటి ఎండాకాలం బస్సు దిగుతూ జారిపడితే తుంటి విరిగింది. గుంటూరులో ఆపరేషన్ చేసి నిలబెట్టారు గానీ కుడికాలు రెండు వేళ్ల మందం పొట్టిదయింది. కర్ర పట్టుకుని నడుస్తుంది. నడక పరవాలేదు. వంగడమే కుదరదు. సుద్దముక్క చేయి జారిందంటే ఇక నేల పాలే. తనే కింద పడితే పట్టుకోను ఏదో ఒకటి ఉండాలి, లేకపోతే లేవలేదు.

బళ్లో అంతమంది పిల్లలున్నారు గదా, సుద్దముక్క తీసిచ్చేదానికి కరువా అని నేనే అడిగాను. నావైపు అదోలా చూసింది.

"వాళ్లని వాళ్ల అమ్మానాన్నలు చదువుకోను పంపించారు బాబాయ్. నా కర్ర మొయ్యను కాదు."

ఆమె పట్టుదల అట్లాంటిది.

ఆ బడి మేనేజరు గారు చెడ్డమనిషి కాదు, భయస్తుడు. తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేసి దిగినాయన. ఏదైనా రాతలో ఉంటే తప్ప ఆయనకి నిద్ర పట్టదు. తలుపు వేసిన గదిలో పిల్లల మధ్య టీచరు పడిపోతే బాధ్యత ఎవరిది అని ఆయన బెంగ. అందుకని ఒక షరతు పెట్టాడు. దసరా సెలవులయ్యాక బడి తెరిచే రోజున ఆమె వచ్చి అందరి ముందూ చూపించాలి. గేటు నుంచి గది దాకా నడవాలి, మెట్లెక్కాలి, పాఠం చెప్పాలి, కిందపడ్డవి మనిషి సాయం లేకుండా తీసుకోవాలి. చేసిందా, నాలుగో తరగతి ఆమెదే. చెయ్యలేకపోయిందా, ఆ ఉద్యోగంలోకి ఇంకొకరు వస్తారు.

సువార్తమ్మ ఆ సంగతి మా అరుగు మీద కూర్చుని చెప్పింది. ఏడవలేదు. "బడి లేకపోతే నాకు పొద్దు పుట్టేదెందుకు, గూకేదెందుకు బాబాయ్" అంది, అంతే.

నా లోపల గిత్త లేచింది.

మా ఆసుపత్రి డాక్టరు గారు పారేసిన ఇంగ్లీషు పుస్తకాలు కొన్ని అటక మీద పెట్టాను. ఒకదాంట్లో ఒక బొమ్మ చూసిన గుర్తు. చక్రాల కుర్చీలో ఒక దొరసాని, పక్కన ఒక కుక్క, దాని నోట్లో ఆమె చేతిసంచి. ఆ దేశంలో కాళ్లు రాని వాళ్లకి కుక్కలకి ట్రైనింగు ఇచ్చి తోడు పెడతారన్నమాట. వెతికి తీశాను. బొమ్మ కింద ఇంగ్లీషులో పది లైన్లు రాసి ఉన్నాయి. చదవలేదు. ముప్పయ్యేళ్ల సర్వీసున్నవాడికి బొమ్మ చాలదూ? సువార్తమ్మ చదువుతానని చెయ్యి చాస్తే, నీకెందుకమ్మా శ్రమ అని పుస్తకం చంకలో పెట్టుకుని లేచాను. ఈ పది లైన్ల సంగతి కూడా గుర్తుంచుకోండి.

"నలభై రోజులు," అన్నాను. "నలభై రోజుల్లో నీకు మనిషి కంటే మేలైన కుక్కని తయారుచేసి ఇస్తా. కాకపోతే ఈ మీసం ఉండదు."

మా ఆవిడ లోపల్నుంచి, ఉన్న మీసం ఎటూ నెరిసిపోయింది, పందేనికి ఇంకేదన్నా పెట్టండి అంది. ఆమె అట్లాంటి మాటలు అంటుంటుంది. ముందు ముందు ఇంకా అంటుంది.

కుక్క ఎక్కడిదంటారా? మస్తాన్‌వలీ దుకాణం ముందు పడుకుని ఉండేది. రిక్షాలకి టాపులూ సీట్లూ కుట్టే మస్తాన్ మీకు తెలుసు గదా. ఎర్రమట్టి రంగు, వంగిన చెవి, ఎవరేమన్నా లెక్కచెయ్యని కూర్చోడం. ఊళ్లో కుక్కలన్నిటి మీదా వీణ్ణి ఢిల్లీ నుంచి వేసినట్టు కూర్చునేవాడు. చూడగానే గవర్నర్ అని పేరు పెట్టాను. మస్తాన్‌కి బెల్టు ఎట్లా కుట్టాలో చెప్పాను. ఛాతీ చుట్టూ వెడల్పుగా తోలు, వీపు మీద నిలువుగా గట్టి పిడి, మనిషి పట్టుకుని లేచేదానికి. అన్నీ విని మస్తాన్ నిట్టూర్చాడు.

"మా తాత గుర్రాలకి జీన్లు కుట్టాడు మామా. మా నాన్న జట్కాలకి కుట్టాడు. నేను కుక్కకి కుడుతున్నా. మా ఖాందాన్ ఎట్లా పైకొస్తందో చూడు."

మా వాకిట్లో ట్రైనింగు మొదలు. చేతిలో జొన్నరొట్టె ముక్కలు. మొదటి పాఠం సుద్దముక్క తీసి ఇవ్వడం. మొదటి నాలుగు రోజులూ తీశాడు, తిన్నాడు. మూతి తెల్లగా చేసుకుని, ఇంకోటి వెయ్యమన్నట్టు చూశాడు. అయిదో రోజు నేను కళ్లజోడు తీసి చూశాను. అదే చూపు. ఆరో రోజుకల్లా సుద్దముక్క తెచ్చి అరచేతిలో పెట్టాడు. పళ్ల గాటు కూడా లేదు. తర్వాత డస్టరు, తాళంచెవి, చేతికర్ర. ఒకరోజు చెప్పకుండానే మా ఆవిడ అట్లకాడ తెచ్చిచ్చాడు, దోసె దాని మీద ఉండగానే.

ఇక రెండో పాఠం, అసలైంది. మనిషి పడితే పరిగెత్తుకొచ్చి, పక్కన రాయిలాగా నిలబడాలి. పిడి పట్టుకుని మనిషి లేస్తాడు. దీనికి పడే మనిషి కావాలి గదా. సువార్తమ్మని పడమనలేం. ఎవరున్నారు? గురజాలని ఏడిపించినవాడు ఉన్నాడు.

ఆమెది కుడికాలు గనక నేనూ కుడికాలే కుంటాను. కర్ర పట్టుకున్నాను. మూలిగాను. నడిచి నడిచి వాకిట్లో ఇసకకుప్ప దగ్గర "అమ్మా" అని కూలిపోయాను. ఆ పడడం చూసి రోడ్డు మీద పోయే ముప్పాళ్ల బస్సు ఆగింది. సరే, సైకిలు ఆగింది. ఎవరో ఒకరు ఆగారు. గవర్నర్ వచ్చాడు. గట్టిగా నిలబడ్డాడు. పట్టుకుని లేచాను.

ఒక్కటే తంటా. నేను కుడికాలు కుంటుతుంటే వాడు ఎడమ పక్కకి వచ్చి నిలబడేవాడు. బెల్టు పట్టి కుడివైపుకి లాగేవాణ్ణి. మళ్లీ పడితే మళ్లీ ఎడమ పక్కకే వచ్చి నా ఎడమ మోకాలికి ఆనుకునేవాడు. రోజుకి ఇరవైసార్లు లాగాను, ఇరవైసార్లు తిట్టాను. అన్నీ తెలిసినవాడికి కుడిఎడమలు తెలియకపోవడం ఏంది అని మా ఆవిడతో మొత్తుకున్నాను.

"దానికి తెలిసినట్టే ఉంది," అందామె బియ్యం చెరుగుతూ.

మా ఆవిడకి ఒక అనుమానం చానాకాలంగా ఉంది లెండి. నేను మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటున్నానంటుంది. పట్టుకుంటాను. పాతగోడ, పడిపోతుందేమోనని పట్టుకుంటాను.

ఇప్పుడు మూడో పాఠం వినండి. ఏ దేశపు ట్రైనింగులోనూ ఇది ఉండదు, నేను కనిపెట్టింది. మన పల్నాటి మనిషి సంగతి మనకి తెలియందా? కాలు విరిగి వేలాడుతున్నా, ఏమైందయ్యా అంటే ఏం కాలేదు, బాగానే ఉన్నానంటాడు. పట్టుకోబోతే చెయ్యి విదిలిస్తాడు. సువార్తమ్మ కూడా అంతే, ఈ నీళ్లు తాగిందే గదా. రేపు గదిలో పడి, మొహమాటానికి "నేను బాగానే ఉన్నాను, నువ్వు పో" అని కుక్కని తోలేస్తే? అందుకని గవర్నర్‌కి ప్రత్యేకంగా నేర్పాను. మనిషి "బాగానే ఉన్నాను" అన్నాడంటే నమ్మకు. ఇంకా దగ్గరికి రా. రెండోసారి అంటే ఒళ్లు ఆనించు. మూడోసారి అంటే కాళ్ల మీద అడ్డంగా పడుకుని మొరుగు, ఎవరన్నా మనిషి వచ్చి బెల్టు పట్టుకునేదాకా కదలకు. ఎంత గట్టిగా "బాగానే ఉన్నాను" అని అరిస్తే అంత పెద్ద రొట్టెముక్క. వారం రోజుల్లో ఆ పాఠం వాడి రక్తంలోకి పోయింది. ఆ రోజు నా తెలివికి నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి.

చివరి పదిరోజులు కుక్కని సువార్తమ్మ ఇంట్లో పెట్టాను. ఆమె గవర్నర్ అని పిలవలేదు. అంత పెద్దాయన్ని సుద్దముక్క తెమ్మనడం బాగోదని "నాయనా" అని పిలిచేది. దానికే పలికాడు. ఆమెకి కుడిపక్కన నిలబడాలని చెప్పకుండానే కుడిపక్కన నిలబడ్డాడు. చూశారా, నేను ఇన్నాళ్లు లాగింది వృథా పోలేదని సంబరపడ్డాను. పనులన్నీ చక్కగా చేస్తున్నాడు. నేను అక్కడ లేనప్పుడు. నేను గడపలో కనపడ్డానా, ఆమెని అట్లాగే వదిలి వచ్చి నా ఎడమ మోకాలికి ఆనుకుని నిలబడేవాడు.

గురుభక్తి అన్నాను. సువార్తమ్మ నా వైపూ కుక్క వైపూ మార్చి మార్చి చూసింది. బడి తెరిచే ముందురోజు కాఫీ ఇచ్చి, మెల్లగా అడిగింది.

"బాబాయ్, ఏమీ అనుకోవద్దు. రేపు మీరు బడికి రావద్దు."

నన్నా? పెళ్లికి పెళ్లికొడుకుని రావద్దన్నట్టు లేదూ? కానీ ఆమె మొహం చూశాను. రేపటి మీద ఆమె బతుకంతా ఆనుకుని ఉంది. సరేనన్నాను. బడి లోపల అడుగు పెట్టనని కాఫీగ్లాసు మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టాను.

గోడ అవతల నిలబడనని ఒట్టు పెట్టలేదు గదా.

సోమవారం పొద్దున్నే ఇస్త్రీ పంచె, పట్టు కండువా, మీసానికి కాస్త కొబ్బరినూనె. నాపరాళ్లు నిలువుగా పాతిన గోడ కదా ఆ బడిది. ఒక రాయి ఎప్పుడో పడిపోయి సందు ఉంది. ఆ సందు పక్కన రాళ్లగుట్ట ఎక్కి, తల మాత్రం పైకి పెట్టి నిలబడ్డాను. పక్కనే మస్తాన్, తన బెల్టు పనితనం చూసుకుందామని. వరండాలో కుర్చీ వేసుకుని మేనేజరు గారు, ఒళ్లో ఫైలు. కింద వరసలుగా పిల్లలు. గేటు కిర్రుమంది.

సువార్తమ్మ వచ్చింది. ఎడమచేత్తో కర్ర, కుడిచెయ్యి పిడి మీద. గవర్నర్ ఆమె అడుగుకి అడుగు వేస్తూ వస్తున్నాడు, తల తిప్పకుండా, వాడికెవరో సెల్యూట్ చేస్తున్నట్టు. పిల్లలు ఊపిరి బిగబట్టారు. మెట్ల దగ్గర వాడు ఒక మెట్టు ముందెక్కి ఆగాడు. ఆమె ఎక్కింది. ఇంకోటి. ఇంకోటి. నేను గోడ మీద గోళ్లతో గీస్తున్నాను. వరండాలో బోర్డు పెట్టారు. కూడికలు రెండు చెప్పింది. కావాలనే సుద్దముక్క జారవిడిచింది. ఠక్కున తీసి చేతిలో పెట్టాడు. డస్టరు వదిలింది, తెచ్చాడు. కర్ర పడేసింది. అది దొర్లుకుంటూ మెట్ల కిందికి పోయింది. దిగి, నోటకరుచుకుని, ఎక్కి, చేతికందించాడు. పిల్లలు చప్పట్లే చప్పట్లు. మేనేజరు గారు కుర్చీలోంచి సగం లేచాడు. కళ్లజోడు తుడుచుకున్నాడు. ఫైలు తెరిచి, పెన్ను మూత తీశాడు.

తీసినవాడు రాయొచ్చు గదా. రాయకుండా అడిగాడు.

"ఎవరమ్మా దీనికి ఇంత బాగా నేర్పింది?"

మీరే చెప్పండి. స్టేజీ మీద ఆ మాట వినపడితే తెర వెనక నిలబడగలిగేవాడు నటుడేనా? మస్తాన్ నా కండువా పట్టుకున్నాడు, వద్దు మామా, టీచరమ్మ వద్దంది అని. విదిలించుకున్నాను. "నేను" అని ఒక్క కేకపెట్టి, రెండు చేతులూ పైకెత్తి, ఆ సందులోంచి లోపలికి దూకాను. ఆ దూకుడు లంకకి దూకినంత దూకుడు. మూడడుగుల ఎత్తు అని మస్తాన్ అంటాడు. రెండే అని మేనేజరు గారు రాసుకున్నారు.

నేలని తాకానో లేదో, ఎడమ మోకాలు కళుక్కుమంది.

పైకి నవ్వుతూనే ఉన్నాను. పిల్లల్లో ఒక్కరు కనిపెట్టలేదు. మేనేజరు గారు కనిపెట్టలేదు. గవర్నర్ కనిపెట్టాడు. వరండా మీద తల తిప్పి నావైపు చూశాడు. ఆమె చేతి కిందనుంచి పిడి జారిపోయింది. మూడు మెట్లూ ఒక్క దూకు. పిల్లల వరసల్ని చీల్చుకుంటూ వచ్చాడు, బండి తప్పిపోతుందన్నట్టు. వచ్చి నా ఎడమ మోకాలికి ఒళ్లంతా ఆనించాడు. వాడి బరువూ, నా మోకాలి నిజాయితీ కలిసి నన్ను మెల్లగా కూర్చోబెట్టాయి. నేల మీద. పట్టు కండువాతో సహా.

"పో రా. నేను బాగానే ఉన్నాను," అన్నాను.

అన్నాక గుర్తొచ్చింది.

వాడు ఇంకా దగ్గరికి వచ్చాడు. చుట్టూ పిల్లలు మూగుతున్నారు. పళ్లు బిగబట్టి, చెవిలో రహస్యంగా, ఒరేయ్, నీకు దణ్ణం పెడతా, నాకేం కాలేదు, బాగానే ఉన్నానురా అన్నాను. ఒళ్లు ఆనించాడు. అంతలో మేనేజరు గారు దూరం నుంచి ఏమైందండీ అని అడిగాడు. మర్యాదగా జవాబు చెప్పాలి గదా. చెప్పాను, మాచర్ల స్టేషను దాకా వినపడేలాగా.

"ఏం లేదండీ, బాగానే ఉన్నాను."

మూడోసారి. గవర్నర్ నా రెండు కాళ్ల మీదా అడ్డంగా పడుకుని, ముందుకాళ్లు చాపి, తల పైకెత్తి, సాయానికి రండి అన్నట్టు ఊరంతటికీ వినిపించేలాగా మొరిగాడు. పాఠంలో ఒక్క అక్షరం తప్పలేదు. కింద పడింది ఇంకొకడైతే వాడికి నేనే రొట్టె పెట్టేవాణ్ణి.

పిల్లలు పడీపడీ నవ్వుతున్నారు. మస్తాన్ గోడ మీద తల పెట్టుకుని భుజాలు ఊపుతున్నాడు. నేను కూడా నవ్వి ఊరుకునేవాణ్ణే. కానీ అప్పుడు వరండా వైపు చూశాను.

సువార్తమ్మ మెట్ల అంచున ఒక్కతే నిలబడి ఉంది. కుడిపక్కన పిడి లేదు. మేనేజరు గారు పెన్నుకి మళ్లీ మూత పెడుతున్నారు. ఆయన గొంతులో కోపం లేదు, అదే భయం.

"చూశారా టీచరుగారూ, నేను భయపడింది దీనికే. కుక్క వదిలేసి పోయింది. ఇప్పుడు మీరేం చేస్తారు?"

నవ్వులు ఆగిపోయాయి. నా గుండె కూడా ఆగింది. ఈ మాటలో మాత్రం ఒక్క పిసరు కూడా ఎక్కువ చెప్పడం లేదు. నలభై రోజుల పని, ఆమె పాతికేళ్ల బడి, నేను ఒక్క దూకుతో పోగొట్టాను. ఆమెకి చెప్పుకోను మొహమేది?

ఆమె కర్ర కింది మెట్టు మీద పెట్టింది. దిగింది. ఇంకోటి దిగింది. మూడోదాని దగ్గర ఒక్కసారి ఊగింది, నిలదొక్కుకుంది. పెద్దపిల్ల ఒకతె పరిగెత్తుకుపోతే, వద్దని చేత్తోనే చెప్పింది. టక్కు టక్కుమని కర్ర చప్పుడు. ముప్పై అడుగులు. అంత పొడవైన మైదానం నేను పుట్టి ఎరగను. వచ్చి నా ముందు నిలబడింది. వంగలేదు గదా. కర్ర వంపుని గవర్నర్ బెల్టు పిడికి తగిలించింది.

"నాయనా, లే. నిలబడు."

మనిషి వచ్చి బెల్టు పట్టుకుంది. పాఠం పూర్తయింది. వాడు లేచి రాయిలాగా నిలబడ్డాడు. ఆమె ఎడమచెయ్యి నాకందించింది.

"బాబాయ్, ఒక చెయ్యి పిడి మీద వెయ్యండి. ఒకటి నాకివ్వండి. ఎడమకాలి మీద బరువు పెట్టొద్దు."

ఎడమకాలని ఆమెకెవరు చెప్పారు? అడిగే పరిస్థితిలో లేను. ఆమె లాగింది, కుక్క నిలబడింది, నేను లేచాను. నా బరువు ఎంతుంటుందో మీకు తెలుసు. వయసులో కంటే కొంచెం తగ్గింది, అయినా సామాన్యం కాదు. పంచె దుమ్ము దులుపుకోమని నాకు చెప్పి, ఆమె కుక్కని కుడిపక్కకి తిప్పుకుని, వచ్చిన దారినే మెట్లెక్కి, బోర్డు దగ్గర నిలబడి, సగంలో ఆగిన కూడిక పూర్తిచేసింది.

మేనేజరు గారు మళ్లీ పెన్ను మూత తీశారు.

"అంత మనిషిని లేపి నిలబెట్టిన టీచరు సుద్దముక్క ఎత్తుకోలేదని ఫైల్లో ఎట్లా రాసేదమ్మా," అన్నారు. రాశారు. నాలుగో తరగతి ఆమెకే. కుక్కకి బడిలోపలికి అనుమతి. కింద ఇంకో లైను రాసి నన్ను పిలిచి సంతకం పెట్టమన్నారు. ట్రైనింగు ఇచ్చిన వ్యక్తి బడి గంటల్లో ఆవరణలోకి రాకూడదు, గోడ ఎక్కకూడదు. మస్తాన్ సాక్షి సంతకం పెట్టాడు. అంత సంతోషంగా సంతకం పెట్టినవాణ్ణి నేను చూడలేదు.

ఆ సాయంత్రం సువార్తమ్మ మా ఇంటికొచ్చి ఆ ఇంగ్లీషు పుస్తకం అడిగి తీసుకుంది. బొమ్మ కింది పది లైన్లూ చదివి, ఒక లైను దగ్గర వేలు పెట్టి నాకు తెలుగులో చెప్పింది. కుక్క ఎవరి దగ్గర నేర్చుకుంటుందో, ఎవరి కష్టం రోజూ చూస్తుందో, వాళ్లనే తన మనిషి అనుకుంటుందట. అందుకని సాయం కావలసిన మనిషితోనే నేర్పించాలట.

అయితే నా నటన అంత సహజంగా ఉందన్నమాట, కుక్కనే నమ్మించాను అన్నాను. చెప్పకేం, కొంచెం గర్వంగానే అన్నాను.

"మీరు కుంటింది కుడికాలు గదా బాబాయ్. మరి వాడు నెలంతా ఎడమ మోకాలు దగ్గరికి ఎందుకొచ్చాడు?"

మా ఆవిడ ఆ మాట కోసం నలభై రోజుల నుంచి ఎదురుచూస్తున్నట్టు లోపల్నుంచి వచ్చింది. చేతిలో మస్తాన్ ఇంటినుంచి తెచ్చిన కర్ర, వాళ్ల తాతది. నా ముందు గోడకి ఆనించి వెళ్లిపోయింది. గురజాలని ఏడిపించినవాణ్ణి, ఇద్దరు ఆడవాళ్లనీ ఒక కుక్కనీ మోసం చెయ్యలేకపోయాను.

అదీ కథ. ఇదిగో, ఈ కర్ర గురించే గదా మీరు ఇందాకటి నుంచి అడగాలా వద్దా అని చూస్తున్నారు. అలంకారానికి పట్టుకున్నాను, అంతే. మోకాలా? మోకాలికేమైంది, బాగానే ఉన్నాను.

అయ్యో. మెల్లగా అనాల్సింది.

అదిగో, చెవి ఎత్తాడు. లేచాడు. రోడ్డు దాటుతున్నాడు. ఆ కుర్చీ కొంచెం జరపండయ్యా, వాడికి చోటివ్వండి. అటు కాదు, ఎడమపక్కకి.